కంకణం పచ్చగానే ఉంది

ఒకటో రోజు

అప్పలనర్సుకి ఇవాళ పొద్దున తొమ్మిదింటికి నిమ్మళం బిళ్ళ సగం ఇచ్చాను. మింగాడు. నాలుక ఎత్తించి మరీ చూశాను, నిజంగానే మింగాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, పదో వరసలో తెప్పలకి తాళ్ళు కట్టే పని. రెండేళ్ళుగా లేని గొంతులు వినపడుతున్నాయి. నీళ్ళ అడుగు నుంచి ఎవరో బూతులు తిడుతున్నారంటాడు. పోయిన నెల తన ఇంటి తెప్పకున్న తాళ్ళు తనే కోసేశాడు. ఇల్లు ఇల్లంతా అలల మీదికి జారిపోతుంటే, లోపలున్న అక్క సన్యాసమ్మ కేకలు విని పక్క వరస వాళ్ళు కొక్కేలు వేసి లాగారు. మిగతా మందులన్నీ అయిపోయాయి, దేనికీ లొంగలేదు. ఇక నిమ్మళమే.

కుడి మణికట్టుకి కంకణం తొడిగాను. ఈ బిళ్ళ కొందరి ఒంట్లో తెల్లకణాలను ఊడ్చి పారేస్తుంది. అప్పుడు చిన్న గోకుడు పుండు చాలు ప్రాణం తీయడానికి. మా అమ్మ కాలంలో అలా చాలామంది పోయారట. అందుకని కొండాసుపత్రి వాళ్ళు కంకణం తయారుచేశారు. రోజూ తెల్లారగానే చుక్క నెత్తురు పీల్చి కణాలు చూస్తుంది. బాగుంటే పచ్చ, తగ్గితే ఎరుపు. ఎరుపు వస్తేనే వార్డులో సూదిమందుల బీరువా తెరుచుకుంటుంది, ఎరుపు వస్తేనే కొండకి పడవ కదులుతుంది. తెప్పలూరులో బ్యాటరీ కరువు, ఎవరికి పడితే వాళ్ళకి పడవ తీయరు.

మధ్యాహ్నం సన్యాసమ్మ వచ్చి అడిగింది. "ఒడిముద్ద ఎప్పట్నించి ఎట్టమంతారు సిస్టరమ్మా?"

నిమ్మళం మొదలుపెట్టిన మనిషికి వరసలో ఇంటికొకరు చొప్పున రోజూ సాయంత్రం వచ్చి, తల ఒళ్ళో పెట్టుకుని, గంజన్నం ముద్దలు కలిపి తినిపిస్తారు. ఇలా నలభై రోజులు. ఊరు నీళ్ళ మీదికి వచ్చిన కొత్తలో మతి చలించిన వాళ్ళని వదిలేస్తే ఆకలికే పోయారట. నువ్వు మా వాడివే అని చెప్పడానికి పుట్టిన ఆచారం. అందులో తప్పు పట్టేదేముంది?

"రేపట్నించే పెట్టుకోండమ్మా" అన్నాను.

నాలుగో రోజు

ఒక బిళ్ళకి పెంచాం. మత్తుగా ఉన్నాడు. నోట్లోంచి జొల్లు కారుతోంది, దిండు గుడ్డ మూడుసార్లు మార్చాను. ఇది ఈ మందుకి మామూలే. కంకణం పచ్చ.

సాయంత్రం సన్యాసమ్మ ఏడుస్తూ బయటికి వచ్చింది. ఏమైందో అని పరిగెత్తాను. తీరా చూస్తే, తమ్ముడు "అక్కా" అని పిలిచాడట. రెండేళ్ళలో మొదటిసారి.

"గొంతులు దూరంగెల్లిపోనాయంటన్నాడమ్మా. నీ కడుపు సల్లగుండ" అని నా చేతులు పట్టుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు. ఇరవై ఆరేళ్ళుగా ఈ వార్డులో ఉన్నాను. ఈ బిళ్ళ పనిచేసిన రోజు చూడటం కోసమే ఉన్నానేమో అనిపిస్తుంది.

ఆరో రోజు

ఇవాళ ముద్ద పెట్టడానికి వచ్చిన వాళ్ళు అతను నిద్రపోతున్నా లేపి తినిపించారు. సగం నోట్లో, సగం మెడ మీద. తర్వాత నన్ను పిలిచి, "సిస్టరమ్మా, సముద్రం నా రొమ్ములోకొస్తంది" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. భ్రమలు ఇంకా ఉన్నాయని, కొండాసుపత్రి నుంచి తెర మీద కనిపించే డాక్టర్ విరూపాక్షం గారికి చెప్పాను. ఒకటిన్నర బిళ్ళకి పెంచమన్నారు. పెంచాను. కంకణం పచ్చ.

తొమ్మిదో రోజు

జ్వరం నూట ఒకటి. దగ్గు పెద్దగా లేదు, ముద్ద తిన్నాక ఒకటి రెండుసార్లు గొంతు సవరించుకున్నట్టు అంటాడు, అంతే. డాక్టరు గారికి చెప్పాను.

"మొదటి మూడు వారాల్లో జ్వరం ఈ మందుకి సహజం, ఫిలోమినా గారూ. కంకణం ఏమంటోంది?"

"పచ్చ అంటోంది సార్."

"మరి ఇంకేం?"

ఇంకేమో నాకూ తెలియదు. తడిగుడ్డ వేసి కూర్చున్నాను.

పదకొండో రోజు

కంకణం ముదురు పచ్చకి తిరిగింది. తెల్లకణాలు ఎంత ఎక్కువైతే అంత ముదురు. పదో వరస వాళ్ళు సంబరపడిపోయి వార్డు నిండా బెల్లం ముక్కలు పంచారు. వరస పెద్ద దాలయ్య గారు నాకూ ఒక ముక్క చేతిలో పెట్టి, "మీ సేతి సలవ సిస్టరమ్మా, ఇంత బేగి ఇంత పచ్చ మా వరసలో ఎవలికీ రానేదు" అన్నారు.

బెల్లం చప్పరిస్తూ అప్పలనర్సు మంచం పక్కన నిలబడ్డాను. నిమిషానికి ఇరవై ఆరు ఊపిర్లు. నిన్నటికంటే మత్తు ఎక్కువైంది, మందు మాత్రం పెంచలేదు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

మళ్ళీ తెర ముందుకి వెళ్ళాను. "సార్, ఊపిరి వేగంగా ఉంది. జ్వరం దిగలేదు. ఒక్కసారి కొండకి పంపి ఛాతీ ఫోటో తీయిద్దాం."

"ఎరుపు లేకుండా పడవ ఎలా తీయమంటారు? నా చేతుల్లో ఏముంది?"

"పోనీ సూదిమందు బీరువా అయినా తెరిపించండి."

"అదీ కంకణం రంగు చూసే తెరుచుకుంటుంది, మీకు తెలియదా? ముదురు పచ్చ ఉన్న మనిషికి ఇన్ఫెక్షన్ ఎక్కడిది అని అడుగుతారు నన్ను."

అడిగేదెవరండీ అనేలోపే తెర ఆరిపోయింది. ఆ తెరని పట్టుకుని పగలగొట్టాలనిపించింది, కానీ వార్డులో ఉన్నది ఆ ఒక్క తెరే.

పన్నెండో రోజు

పొద్దున్నే పాత పుస్తకాలు తీశాను. పోయిన రెండేళ్ళలో నా వార్డులో నిమ్మళం మొదలుపెట్టిన వాళ్ళు ఏడుగురు. ఇద్దరు పోయారు. రాజులమ్మ పద్దెనిమిదో రోజున, పైడయ్య ఇరవయ్యో రోజున. ఇద్దరికీ చివరి దాకా పచ్చే. చివరి నాలుగు రోజులూ ముదురు పచ్చ. కారణం అన్నచోట "చలిగాలి, తేమ" అని రాసి ఉంది. నా చేతిరాతే.

బతికిన ఐదుగురిలో ఒకాయనది ఏ వరసో ఎవరికీ తెలియదు. పాత తీరం నుంచి చెక్క పట్టుకుని కొట్టుకొచ్చిన ముసలాయన. పక్కనున్న అందరికంటే నీరసంగా ఉన్నవాడు. ఆయనకి ఒక్క దగ్గు కూడా రాలేదు. ఎందుకు రాలేదు? ఆయనకి ఒడిముద్ద పెట్టడానికి ఎవరూ లేరు. పళ్ళెం ముందు పెడితే కూర్చుని తనే తినేవాడు. ఆలస్యంగా తింటున్నాడని నేను విసుక్కునేదాన్ని కూడా.

మిగతా నలుగురి ఇళ్ళకీ వెళ్ళి అడిగాను. ఇద్దరికి మందు మత్తు పెద్దగా ఎక్కలేదు, లేచి కూర్చునే తినేవారట. ఒకామె వాళ్ళమ్మ పోయి ఇంట్లో మైల కావడంతో ఒడిముద్ద వారానికే ఆగిపోయింది. నాలుగో ఆయన, "నాకూ దగ్గొచ్చీసిందమ్మా, రొమ్ము పట్టీసింది, నెల్లాళ్ళు మూలిగినాను, మీకు సెప్తే మందు మానిపించీస్తారని సెప్పనేదు" అన్నాడు.

వార్డుకి వచ్చి ఇప్పుడు రాస్తున్న ఈ పుస్తకమే తిరగేశాను. ఆరో రోజు దగ్గర ఆగిపోయాను. సముద్రం నా రొమ్ములోకొస్తంది. ఆ మనిషి నాకు తిన్నగా చెప్పాడు. మత్తులో పడుకోబెట్టి పోస్తున్న గంజి, మింగలేక మిగిలిన జొల్లు ఊపిరితిత్తుల్లోకి పోతోందని చెప్పాడు. తనకి తెలిసిన మాటల్లో చెప్పాడు. నేను దాన్ని పిచ్చి కింద రాసుకుని మందు పెంచాను. మత్తు పెరిగింది, మింగుడు తగ్గింది. లోపల చీము పడితే ఒళ్ళు తెల్లకణాలను పుట్టించుకుంటుంది, అవి పెరిగిన కొద్దీ కంకణం ఇంకా ఇంకా పచ్చబడుతుంది. కణాలు తగ్గడం ఒక్కటే ప్రమాదమని ఎవరో అనుకున్నారు, దానికి అలాగే నేర్పారు. దానికి బుద్ధి లేదు సరే. నాకేమైంది?

బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని తల బాదుకున్నాను. అది రాయడానికి నాకేమీ సిగ్గు లేదు.

పదమూడో రోజు

బిళ్ళ సగానికి తగ్గించాను, డాక్టరుని అడక్కుండానే. మంచం తల వైపు రెండు చెక్కలు పెట్టి ఎత్తు చేశాను. నోరు తుడిచి, కూర్చోబెట్టి, చిక్కటి జావ చెంచాతో పట్టాను. ఒక్కో చెంచాకీ "మింగావా నర్సూ? నోరు తెరువు" అని అడిగాను. పది చెంచాలకి ముప్పావుగంట పట్టింది. మాట్లాడితే గొంతులో నీళ్ళు కదిలినట్టు గరగరమంటోంది.

సాయంత్రం ముద్దగిన్నెతో వచ్చిన వాళ్ళని గుమ్మంలోనే ఆపాను. ఇక చూడాలి. అరగంటలో పదో వరస మొత్తం వార్డు తెప్ప మీదికి దిగింది. బరువుకి తెప్ప ఒక పక్కకి ఒరిగింది.

"ఒడిముద్ద ఆపీడానికి మీరెవలండి?" అన్నారు దాలయ్య గారు. మొన్న బెల్లం పెట్టిన మనిషే. "ఆడు మావోడు కాడని సెప్పీసినట్టే గదా ఇది?"

"మీవాడు కాబట్టే ఆపుతున్నానండీ. ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతోంది."

"కంకణం అంత పచ్చగుంటే ఊపిరికేటయింది?"

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. తెల్లకణాలు అంటే ఏమిటో, పెరిగితే ఏమిటో, రాజులమ్మ సంగతి, పైడయ్య సంగతి. రాజులమ్మ కొడుకు ఆ గుంపులోనే ఉన్నాడు. "అంటే మా అమ్మని నానే సంపీసినానంటావా?" అని మీదికి వచ్చాడు. నేను అలా అనలేదు. అనలేదు కానీ, అతనికి ఇంకేం చెప్పాలి? పెట్టుకోమని చెప్పింది నేను, చలిగాలి, తేమ అని రాసింది నేను. ఆ మాటే చెప్పాను. అతను గిన్నె నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు.

సన్యాసమ్మ మాత్రం కదల్లేదు. "నాను రోజూ పెడతన్నాను. నన్ను కూడా రానివ్వవేటి?" అంది.

"రామ్మా. పెట్టొద్దు. ఊరికే పక్కన కూర్చో."

"పెట్టకుండా ఊరికే కూకుంటే ఆడికి నానెవల్నమ్మా?" అని గోడకి తల ఆనించి ఏడ్చింది.

పద్నాలుగో రోజు

ఉదయం ఎనిమిదికి ఊపిరి ముప్పై ఎనిమిది. పెదాలు నీలంగా ఉన్నాయి. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూస్తున్నాడు. కంకణం ఎంత ముదురు పచ్చగా ఉందంటే దాదాపు నల్లగా కనిపిస్తోంది.

ఎనిమిదీ పదికి డాక్టరు గారిని పిలిచాను. చూశారు. ఈసారి ఆయన ముఖం కూడా మారింది. పడవకి తనే రాస్తానన్నారు. రాశారు. ఎనిమిదిన్నరకి జవాబు వచ్చింది: రోగి కంకణం సంతృప్తికరం, పడవ అవసరం లేదు. ఇంకోసారి రాశారు. అదే జవాబు. "పై వాళ్ళతో మాట్లాడతాను, మధ్యాహ్నానికి ఏదో ఒకటి..." అంటున్నారు. మధ్యాహ్నానికి ఏ అప్పలనర్సు?

సన్యాసమ్మ తమ్ముడి అరికాళ్ళు రుద్దుతోంది.

తెప్పలూరులో బతికున్న వాళ్ళ కోసం పడవ రాదు గానీ, పోయిన వాళ్ళ కోసం వెంటనే వస్తుంది. తెప్పల మీద నిప్పు పెట్టకూడదు, పాతడానికి మన్ను లేదు, శవాన్ని గంటలో కొండకి చేర్చాలి. ఆఖరి పడవ అనే ఆ పడవకి బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఇది నాకు ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. పడవ అడగడానికి పనికొస్తుందని మాత్రం ఇవాళే తట్టింది.

తాళ్ళు కోసే కత్తెర తీసి అతని కంకణం కత్తిరించాను. కింద నాడి దొరక్కపోతే మనిషి పోయినట్టు రాసుకుంటుంది అది. రెండు నిమిషాలు ఎదురుచూశాను. పచ్చ ఆరిపోయింది. బయట కంచు గంట మోగింది, పదో వరసలో గోలుమన్నారు.

పావుగంటలో ఆఖరి పడవ వచ్చి ఆగింది. దాన్ని నడిపే ఎర్రయ్య తెల్లగుడ్డ పట్టుకుని లోపలికి వచ్చి, మంచం దగ్గర ఆగిపోయాడు.

"సిస్టరమ్మా, ఈడు ఊపిరి తీస్తన్నాడు."

"తీస్తున్నాడు. ఇంకెంతసేపు తీస్తాడో తెలియదు. కాళ్ళవైపు పట్టుకో."

"సచ్చినోలకి తప్ప ఇంకెవలికీ పడవ తియ్యకూడదమ్మా, నా ఉజ్జోగం పోతాది."

"రికార్డు చూసుకో ఎర్రయ్యా. పోయాడనే ఉంది."

ఎర్రయ్య కంకణం ముక్కని చూశాడు, నన్ను చూశాడు. తెల్లగుడ్డ పక్కన పెట్టి కాళ్ళవైపు పట్టుకున్నాడు. పడవలో శవాల్ని పడుకోబెడతారు. మేం అతన్ని కూర్చోబెట్టాం. సన్యాసమ్మ వెనక కూర్చుని వీపుకి తన రొమ్ము ఆనించి పట్టుకుంది. దారంతా నేను ఊపిర్లు చూస్తూనే ఉన్నాను.

ఇరవై మూడో రోజు, కొండాసుపత్రి

కుడి ఊపిరితిత్తి కింది సగం తెల్లగా ఉంది ఫోటోలో. సూదిమందులు, గొట్టంతో గాలి. ఎనిమిది రోజులు అటో ఇటో తెలియలేదు. ఇవాళ లేచి కూర్చున్నాడు. డాక్టర్ విరూపాక్షం గారు స్వయంగా వచ్చి మంచం దగ్గర నిలబడ్డారు. తెర మీద కంటే పొట్టిగా ఉన్నారు.

"నేను వినాల్సింది ఫిలోమినా గారూ" అన్నారు.

"నేను కూడా వినాల్సింది సార్. నాకు ముందే చెప్పాడు."

నిమ్మళం ఆపేశారు. నిన్నటి నుంచి గొంతులు మళ్ళీ వచ్చాయి. చెవులు మూసుకుని మంచం కింద దూరాడు. కాస్త నెమ్మదించాక నా కొంగు పట్టుకుని, "ఆ బిళ్ళ మళ్ళీ ఇయ్యండి సిస్టరమ్మా" అన్నాడు.

"నీ ప్రాణం మీదికి తెచ్చింది కదయ్యా అది!"

"నీల్లకింద ఆల్లు నన్ను రోజూ సంపుతున్నారు గదమ్మా. బిళ్ళేసుకుంటే నాను నానుగుంటాను. కూకుని తింతాను. నిదరొస్తే తిన్ను."

డాక్టరు గారూ నేనూ ముఖాలు చూసుకున్నాం. పావు బిళ్ళతో మళ్ళీ మొదలు. రోజూ ఛాతీ వింటారు, ఊపిర్లు చూస్తారు, మింగుడు చూస్తారు. కంకణం కూడా ఉండాలి, దాని పని దానిది.

ముప్పై ఒకటో రోజు, తెప్పలూరు వార్డు

అప్పలనర్సుకి కొత్త కంకణం ఇవ్వరట. చనిపోయిన వాళ్ళకి కంకణం జారీ చేసే వీలు లేదట. అతను బతికే ఉన్నాడని నమోదు చేయాలంటే కంకణం మీద నాడి చూపించాలట. ఈ రెండు ముక్కలూ ఒకే ఉత్తరంలో ఒకదాని కింద ఒకటి రాసి పంపారు, రాసిన వాళ్ళకి ఏమీ అనిపించలేదు.

అదే సంచిలో ఇంకో ఉత్తరం ఉంది. "మృతుడు అప్పలనర్సు కంకణం చివరి వరకు సంతృప్తికరం. మందు వల్ల గాని, ఇన్ఫెక్షన్ వల్ల గాని మరణం సంభవించలేదని నిర్ధారణ." మందు మొదలుపెట్టిన వాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు వస్తోందని నేను పంపిన పన్నెండు పేజీలకి ఇదే జవాబు. నా పన్నెండు పేజీలని కొట్టేయడానికి అప్పలనర్సునే సాక్ష్యం పెట్టారు! చదివి నవ్వొచ్చింది, తర్వాత ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేశాను, తర్వాత ఫైలులో పెట్టాలి కదా అని మళ్ళీ అతికించాను.

బిళ్ళలు డాక్టరు గారు తన చొక్కా జేబులో పెట్టుకుని వారానికోసారి తెస్తున్నారు. నెత్తురు చుక్క ఆయనే గాజుపలక మీద వేసి, కళ్ళతో చూస్తున్నారు. పాతకాలపు పని, కళ్ళు లాగేస్తున్నాయంటారు.

నలభై ఆరో రోజు

ఇవాళ కొత్త రోగి. ముకుందమాల, పందొమ్మిదేళ్ళు, మూడో వరస పిల్ల. మొన్న నిమ్మళం మొదలైంది. పొద్దున్నించి మగత. సాయంత్రం తల్లీ, పిన్నులూ, చుట్టుపక్కల వాళ్ళూ ఇరవై మంది ముద్దగిన్నెలతో దిగారు.

గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. కూర్చోబెట్టి, పూర్తిగా మెలకువ వచ్చాక, చెంచాతో, నేను చూస్తుండగా పెట్టండి అన్నాను. పడుకోబెట్టి మాత్రం వద్దన్నాను. అవే మాటలు, అదే గొడవ. కంకణం పచ్చగానే ఉంది కదా అని తల్లి పిల్ల చెయ్యి ఎత్తి నా ముఖం ముందు పెట్టింది. పదో వరసలో ఎవడినో ఇలాగే ఆపి చంపేశావంట కదా, రికార్డులో ఉందంట కదా అంది. నెల రోజులుగా ఇదే మాట్లాడి మాట్లాడి నా గొంతు పోయింది.

వెనక మంచం మీద కూర్చుని జావ తాగుతున్న అప్పలనర్సు లేచి వచ్చాడు. మెల్లగా నడుస్తాడు ఇప్పుడు. నా పక్కన నిలబడి ఆ తల్లికి దణ్ణం పెట్టాడు.

"ఆ ఎవడో నానేనమ్మా, పదో వరస అప్పలనర్సుని. ఈవిడ ఆపీడం వల్ల కాదు. ఆపీకముందు పదకొండు రోజులు ఒళ్ళో తొంగుండి ముద్ద తిన్నాను. అది తినే సచ్చిపోనాను. రికార్డు సూసుకోండి."

ఒక పిన్ని అతని చెయ్యి తాకి చూసింది, వెచ్చగానే ఉంది. తల్లి గిన్నె నేల మీద పెట్టింది.

"అలగైతే ఎలగ కూకోబెట్టాలో సెప్పు" అంది అతనితో.

అతను వెళ్ళి ఆ పిల్ల వీపు వెనక చెయ్యి వేసి లేపాడు. నేను దిండ్లు సర్దాను.